ఏళ్ల తరబడి రుచి చూస్తూ పోవడానికి ఏ రెడ్ బ్లెండ్ దాచుకోవాలి?

ఒకే రెడ్ వైన్‌వి డజను సీసాలు కొని దాచుకుని, రెండేళ్లకో మూడేళ్లకో ఒకటి తెరిచి అది ఎక్కడిదాకా వచ్చిందో చూడాలని చాలామందికి ఉంటుంది. చిక్కల్లా ఏది కొనాలన్న దగ్గరే. ఫలానాది 30 ఏళ్లు నిలుస్తుందని ఎవరైనా అంటే మనసు వెంటనే అటు లాగుతుంది. నేనూ ఆ మాటకు పడిపోయినవాణ్ణే. నిలవడం వేరు, మారడం వేరు అని నాలుగు సీసాలు ఖాళీ అయ్యాక గానీ తెలిసి రాలేదు. 30 ఏళ్లు నిలిచే వైన్ మొదటి పన్నెండేళ్లూ నోరు విప్పకపోతే, డజనులో సగం వగరు మింగడానికే సరిపోతాయి. ఆఖరి సీసా ఎంత గొప్పగా ఉంటుందో తర్వాత చూసుకోవచ్చు. దారిలో తెరిచే ప్రతి సీసాలోనూ చెప్పుకోదగ్గదేమైనా ఉంటుందా అన్నది ముందు చూసుకోవాలి.

## బ్లెండే ఎందుకు

బ్లెండ్ అంటే రెండు మూడు రకాల ద్రాక్షలు కలిపి చేసిన వైన్. అందులో ఏ ద్రాక్ష నడక దానిదే. మెర్లో తొందరగా మెత్తబడుతుంది. కాబెర్నే సావిన్యాన్ తీరిగ్గా వస్తుంది. పెతీ వెర్దో అయిదు శాతమే ఉన్నా రంగులోనూ వగరులోనూ తన ఉనికి చాటుకుంటుంది. సీసాలో పాళ్లు మారవు, 30 శాతం మెర్లో పదిహేనేళ్ల తర్వాత కూడా 30 శాతమే. నాలుకకు మాత్రం ఎవరో వెనక నుంచి పాళ్లు మారుస్తున్నట్టే ఉంటుంది. మొదట్లో మెర్లో గొంతు వినిపిస్తుంది, కొన్నేళ్లకు కాబెర్నే అందుకుంటుంది. ఒకే ద్రాక్షతో చేసే పీనో న్వార్, నెబ్యోలో వైన్ల అభిమానులు ఈ మాటకు నాతో తగువుకు వస్తారని తెలుసు. ఆ వైన్లు ముదిరితే అద్భుతమే, కాదనను. కానీ ఒకరి తర్వాత ఒకరు ముందుకొచ్చే ఈ ఆట చూడాలంటే బ్లెండే కొనాలి.

## ముందు చూసుకోవలసినవి

వగరు, పులుపు. రెండూ కావాలి, కానీ రెండింటి కథా ఒకటి కాదు. వగరుకు మూలం టానిన్లు. ద్రాక్ష తొక్కలు, గింజల నుంచీ, కొంత ఓక్ పీపా నుంచీ వస్తాయి. లాలాజలంలోని ప్రోటీన్లను అవి పట్టేసుకుంటాయి, అందుకే బాగా మరిగిన టీ డికాషన్ తాగినట్టు నోరు పిడచకట్టుకుపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ టానిన్లు రంగు పదార్థాలతో ముడిపడతాయి, కొన్ని మడ్డిగా అడుక్కి దిగుతాయి. అలా వైన్ రంగు ఊదా నుంచి కెంపుకు, కెంపు నుంచి ఇటుకకు జారుతుంది. వగరు మెత్తబడుతుంది. పులుపు అలా కాదు, అది దాదాపు ఉన్నచోటే ఉంటుంది. కాబట్టి పడుచుదనంలోనే పులుపు చాలని వైన్‌కు వయసు మీద పడ్డాక పులుపు ఎక్కడి నుంచో రాదు. వగరు తగ్గి, పండు రుచి తగ్గి, చివరికి చప్పిడి మిగులుతుంది. టానిన్ తక్కువని భయపడేవాళ్లే ఎక్కువ. నేనైతే పులుపు తక్కువైన దానికే ఎక్కువ భయపడతాను.

అలక. కొన్ని వైన్లు మొదటి రెండు మూడేళ్లు నవ్వుతూ పలకరించి, తర్వాత ఉన్నట్టుండి మూతి ముడుచుకుంటాయి. వాసన ఉండదు, పండు ఉండదు, వట్టి వగరు. వైన్ పాడైపోయిందేమో అనిపిస్తుంది. కొన్నేళ్లకు అదే తేరుకుంటుంది. ఏ వైన్ ఎప్పుడు అలుగుతుందో ఉజ్జాయింపుగా తెలిసి ఉంటే ఆ మధ్యలో సీసాలు వృథా కావు.

మీ దాచే చోటు. 12 నుంచి 14 డిగ్రీల సెల్సియస్, 60–70 శాతం తేమ, చీకటి, కుదుపు లేని చోటు, పడుకోబెట్టిన సీసాలు. ఇదీ ఆదర్శం. ఉష్ణోగ్రత కొంచెం అటూ ఇటూ అయినా స్థిరంగా ఉంటే ఫరవాలేదు. వేడిగా ఉండే గదిలో మాత్రం వైన్ తొందరగా ముదురుతుంది, పైగా సరిగ్గా ముదరదు, ఉడికిన పండు వాసన పడుతుంది. అలాంటి చోట పదిహేనేళ్ల పథకాలు వేసుకోవద్దు.

సీసాకీ సీసాకీ తేడా. సహజమైన బిరడా ఉన్న వైన్లలో, ఒకే పెట్టెలోంచి తీసినా, పదేళ్లు దాటాక రెండు సీసాలు అచ్చం ఒకలా ఉండవు. బిరడా గుండా లోపలికి చేరే గాలి ఒక్కోదానిలో ఒక్కోలా ఉండటమే కారణం. టీసీఏ అనే చెడు రసాయనం పట్టిన బిరడా అయితే తడిసిన అట్టపెట్టె వాసన తప్ప ఏమీ మిగలదు. నాలుగే సీసాలు కొనుక్కుంటే అందులో ఒక్కటి ఇలా పోయినా మీ కథలో ఒక అధ్యాయం పోయినట్టే.

విమర్శకులు ఇచ్చే పాయింట్లు చూసి కొనేవాళ్లకు ఒక ముచ్చట. 1976లో పారిస్‌లో వైన్ వర్తకుడు స్టీవెన్ స్పరియర్ ఏర్పాటు చేసిన పోటీలో, పేర్లు దాచి పోసిన పది రెడ్ వైన్లలో కాలిఫోర్నియాకు చెందిన స్టాగ్స్ లీప్ 1973 (కోత ఏడాది) మొదట నిలిచింది. అక్కడివే అయిన రిడ్జ్ మోంటే బెల్లో 1971 అయిదోది, క్లో దు వాల్ 1972 ఎనిమిదోది. పదేళ్ల తర్వాత, 1986లో, న్యూయార్క్‌లో ఆ రెడ్లనే మళ్లీ రుచి చూస్తే క్లో దు వాల్ మొదటికి, రిడ్జ్ రెండుకి ఎక్కాయి. 2006లో మళ్లీ చూస్తే రిడ్జ్ మొదటిది. రుచి చూసినవాళ్లు మారారు నిజమే, కానీ సీసాలో పోసినది ఏదీ మారలేదు, దాని వయసే మారింది. ఈ ఏడాది ఇచ్చిన పాయింట్లు ఈ ఏడాది రుచికే.

## ఒక్క చూపులో

కింది లెక్కలు మంచి ఏడాది, శ్రద్ధగల నిర్మాత, చల్లని సెల్లార్ అనుకుని వేసిన నా అంచనాలు. ఏళ్లన్నీ ద్రాక్ష కోతకొచ్చిన ఏడాది నుంచి.

| బ్లెండ్ | ముందుండి నడిపేది | పడుచుదనంలో తాగితే | అలక | బాగుండే కాలం |
|---|---|---|---|---|
| బోర్డో, ఎడమ ఒడ్డు | కాబెర్నే సావిన్యాన్ | కష్టం | ఎక్కువ, దీర్ఘం | 10–25 ఏళ్లు |
| బోర్డో, కుడి ఒడ్డు | మెర్లో, కాబెర్నే ఫ్రాన్ | హాయి | తక్కువ | 6–20 ఏళ్లు |
| షతోనఫ్-ద్యు-పాప్ | గ్రెనాష్ | చాలా హాయి | గట్టిది | 3 ఏళ్ల లోపు, తిరిగి 8–18 |
| రియోహా గ్రాన్ రెసెర్వా | టెంప్రానియో | పడుచుదనం మీ చేతికి రాదు | దాదాపు లేదు | కొన్న రోజు నుంచి 20 ఏళ్ల పైన |
| ఆస్ట్రేలియా కాబెర్నే-షిరాజ్ | రెండూ | హాయి | కొద్దిగా | 8–20 ఏళ్లు |

## ఎడమ ఒడ్డు బోర్డో: ఓపిక ఉన్నవాళ్లకే

ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో, జిరోండ్ నదీముఖానికి ఎడమ వైపున, మెదోక్‌లో గులకరాళ్ల నేల. అది పగటి వేడిని దాచుకుంటుంది, నీటిని నిలవనివ్వదు. ఆలస్యంగా పండే కాబెర్నేకు సరిగ్గా కావలసింది అదే. దానికి మెర్లో, కాబెర్నే ఫ్రాన్, పెతీ వెర్దో తోడు.

నేను అనుసరించిన వైన్ ఇక్కడిదే. 2010 కోత, పెద్ద పేరు లేని ఒక షతో (సొంత తోట ఉన్న వైన్ నిర్మాత), 65 శాతం కాబెర్నే, 30 మెర్లో, 5 పెతీ వెర్దో. డజను కొన్నాను. బోర్డోలో 2010 అంటే పులుపు, వగరు రెండూ దండిగా ఉన్న ఏడాది. పక్కనే ఉన్న 2009 మెత్తని, పండిన ఏడాది. దాన్ని వదిలి 2010 కొన్నప్పుడే నా ఓపికకు పరీక్ష పెట్టుకున్నానన్నమాట.

2013లో మొదటి సీసా తెరిచాను. గ్లాసు కింద కాగితం పెడితే అక్షరాలు కనపడలేదు, అంత సిరా రంగు. ముక్కుకు నల్ల పండ్లు, ఓక్. నోట్లో మొదట మెర్లో మెత్తదనం తగిలి, వెంటనే తలుపు మూసుకుపోయింది. 2016లో తెరిచింది శుద్ధ దండగ. డికాంటర్‌లో (గాలి తగలడానికి వైన్ పోసి ఉంచే పాత్ర) నాలుగు గంటలు పెట్టినా పలకలేదు. గ్లాసుడు మిగిల్చి మర్నాడు తాగితే కొంచెం నయం. ఆశ పుట్టింది ఆ మిగులు గ్లాసుతోనే: మర్నాటికి బాగుపడేది, ఇంకొన్నేళ్లకూ బాగుపడుతుంది. 2019లో పెన్సిల్ చెక్కినప్పటి వాసన, దేవదారు చెక్క, దాని వెనక నల్ల పండు తిరిగొచ్చింది. ఇది కాబెర్నే వంతు అని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. 2022 నాటికి గ్లాసును తెల్ల కాగితం మీదకు వంచితే అంచున ఇటుక రంగు గీత, సీసా భుజం దగ్గర మడ్డి. వాసనలో పొగాకు ఆకు, తోలు. వగరు ఉంది కానీ అడ్డం పడటం లేదు, వెన్నెముకలా నిలబెడుతోంది.

పన్నెండేళ్లు పట్టింది. మీది అంత ఓపిక కాకపోతే ఇది కొనకండి. కొన్నా, మూడో ఏడు ఒకటి రుచి చూసి పదో ఏడు దాకా పెట్టె ముట్టుకోకండి.

## కుడి ఒడ్డు: మొదటిసారి మొదలుపెట్టేవారికి నా ఓటు

సెంత్-ఎమిల్యోన్, పొమెరోల్ వైపు బంకమట్టి, సున్నపురాయి నేలలు ఎక్కువ. అక్కడ మెర్లో ముందుంటుంది, కాబెర్నే ఫ్రాన్ తోడుంటుంది. మూడో ఏట తెరిచినా బతిమాలించుకోదు. ప్లమ్ పండు, మెత్తటి టానిన్. ఆరేడేళ్లకు మెర్లో పక్వానికి వచ్చి చాక్లెట్, ఎండిన పండు వైపు జరుగుతుంది. తర్వాత, సరిగ్గా ఇక మారేది ఏముందిలే అనుకునే వేళకు, కాబెర్నే ఫ్రాన్ లోంచి పువ్వు వాసన, పచ్చి ఆకు చలవ పైకి వస్తాయి. మొదటిసారి ఇది గమనించినప్పుడు వేరే సీసా తెరిచానేమోనని లేబుల్ చూసుకున్నాను.

ఒక జాగ్రత్త. కాబెర్నే ఫ్రాన్ పాలు 20 శాతానికి తగ్గకుండా ఉన్నది వెతుక్కోండి. దాదాపు అంతా మెర్లోనే అయితే పై ఆట కనిపించదు. బాగా వేడెక్కిన ఏడాదుల్లో మెర్లో చక్కెర ఎక్కి, ఆల్కహాల్ పెరిగి, పులుపు పడిపోతుంది. అలాంటివి పడుచుదనంలో మనసు దోచుకుంటాయి, పన్నెండో ఏట మొహం చాటేస్తాయి.

## షతోనఫ్-ద్యు-పాప్: అలిగితే మామూలుగా అలగదు

ఫ్రాన్స్‌లో దక్షిణ రోన్ లోయలోని ఈ ఊరి వైన్‌లో 13 రకాల ద్రాక్షలు కలపవచ్చు, రంగు తేడాలు కూడా విడిగా లెక్కిస్తే 18. చాలా సీసాల్లో నడిపించేది గ్రెనాషే, పక్కన సిరా, మూర్వెద్ర్ అనే ద్రాక్షలు. గ్రెనాష్‌కు టానిన్ తక్కువ, ఆల్కహాల్ ఎక్కువ, గాలి పడదు. అందువల్ల వైన్ మొదట్లో స్ట్రాబెర్రీ, మిరియంతో గుప్పుమంటుంది. నాలుగైదేళ్లకు తలుపులన్నీ బిగించుకుంటుంది. ఎనిమిదో ఏట తిరిగి తెరిస్తే ఎండిన మూలికలు, తోలు, వాన వెలిసిన అడవిలో నానిన ఆకుల వాసన.

అంటే దీన్ని రెండు వేర్వేరు వైన్లుగా కొనుక్కోవాలి: మూడేళ్ల లోపు తాగేందుకు కొన్ని, ఎనిమిదేళ్ల తర్వాతకు కొన్ని. మధ్యలో తెరిచి తిట్టుకోవద్దు. మూర్వెద్ర్ పాలు ఎక్కువున్నవి ఎక్కువ దూరం నడుస్తాయి, ఎందుకంటే గ్రెనాష్‌కు లేని టానిన్, గాలిని తట్టుకునే గుణం దానికున్నాయి.

## రియోహా: వేచి ఉండే పని వాళ్లే చేసి పెడతారు

రియోహా స్పెయిన్‌లోని వైన్ ప్రాంతం. అక్కడ గ్రాన్ రెసెర్వా అని లేబుల్ మీద ఉండాలంటే రెడ్ వైన్ కనీసం 5 ఏళ్లు ముదరాలి. అందులో కనీసం 2 ఏళ్లు 225 లీటర్ల ఓక్ పీపాలో, కనీసం 2 ఏళ్లు సీసాలో. దాని కింది మెట్టు రెసెర్వాకు మొత్తం 3 ఏళ్లు, ఇంకా కింది క్రియాంసాకు 2. టెంప్రానియోకు గార్నాచా ఒళ్లు (నోట్లో నిండుదనం) ఇస్తుంది, గ్రాసియానో పులుపూ పరిమళమూ ఇస్తుంది. పాత పద్ధతి పాటించేవాళ్లు అమెరికన్ ఓక్ వాడతారు, వెనిల్లా, కొబ్బరి వాసన అక్కడిదే.

తాగడానికి సిద్ధంగా ఇంటికి వస్తుంది, ఇది వరం. చిన్నప్పటి ముఖం చూడలేదన్నది లోటు. తర్వాత మార్పు కూడా నెమ్మది. రెండేళ్లకోసారి తెరిస్తే తేడా పట్టుకోవడం కష్టం, అయిదేళ్లు ఆగాలి. నోట్స్ రాసుకునే సరదా ఉన్నవాళ్లకు ఇది కొంచెం విసుగు పుట్టిస్తుంది. ప్రతిసారీ మంచి వైన్ తాగితే చాలనుకునేవాళ్లకు ఇంతకన్నా భరోసా ఇచ్చేది లేదు. రెండూ కావాలంటే ఒకే నిర్మాత క్రియాంసా, రెసెర్వా, గ్రాన్ రెసెర్వా మూడూ తెచ్చి ఒకే పూట వరసగా రుచి చూడండి.

## కాబెర్నే-షిరాజ్

కాబెర్నే సావిన్యాన్ రుచికి మొదలూ చివరా బలంగా ఉండి నడుమ బోలుగా ఉంటుందంటారు. బోర్డోలో ఆ ఖాళీని మెర్లో పూడుస్తుంది, ఆస్ట్రేలియాలో షిరాజ్. అసలు ఇది పూర్తిగా కొత్త ఆలోచనేమీ కాదు. 19వ శతాబ్దంలో బోర్డో వర్తకులు బలహీనమైన ఏడాదుల్లో రోన్ లోయలోని ఎర్మితాజ్ నుంచి సిరా వైన్ (షిరాజ్‌కు ఫ్రాన్స్‌లో పేరు సిరా) తెప్పించి తమ వైన్‌లో కలిపేవాళ్లు. ఫ్రాన్స్ చట్టం దాన్ని ఆపింది, ఆస్ట్రేలియా దాన్నే ఇంటి పేరు చేసుకుంది. ఈ కలయికతో పెన్‌ఫోల్డ్స్ సంస్థ చేసే బిన్ 389 అనే వైన్ తొలి కోత 1960.

దీనికున్న ఇంకో లాభం తిప్పుడు మూత. అక్కడ దాని వాడకం ఎక్కువ కాబట్టి బిరడా జబ్బుల బెడద తగ్గుతుంది, సీసాకీ సీసాకీ తేడా తగ్గుతుంది. మీరు రాసుకున్న నోట్స్‌లో కనిపించే మార్పు వయసుదేనని ధైర్యంగా అనుకోవచ్చు. ముదిరినకొద్దీ షిరాజ్ పండు తగ్గి, కాబెర్నే నిర్మాణం బయటపడుతుంది. ఇబ్బంది ఒక్కటే: బాగా పండిన ఏడాదుల్లో వైన్ చాలాకాలం ఒకేలా లావుగా ఉండిపోతుంది.

జాబితాలో పెట్టనివి రెండు. లెబనాన్ బెకా లోయలోని షతో ముసార్ రెడ్ కాబెర్నే సావిన్యాన్, సాంసో, కారిన్యాన్‌ల కలయిక, కోత తర్వాత ఏడేళ్లకు గానీ అమ్మకానికి రాదు. ఒక్కో సీసా ఒక్కో మనిషిలా ఉంటుంది. ప్రేమించేవాళ్లకు సరే, పోల్చుకునేవాళ్లకు తలనొప్పి. సాంజోవేజే, కాబెర్నే కలిపే టస్కనీ వైన్లు, 1971లో మొదలైన తిన్యానెల్లో లాంటివి, పులుపు దండిగా ఉండి చక్కగా ముదురుతాయి. పైన చెప్పిన కొలబద్దలతోనే వాటినీ తూచుకోవచ్చు.

## మీరు ఎవరైతే ఏది

మొదటిసారి, ఆరు సీసాలు, పదేళ్ల వ్యవధి అయితే కుడి ఒడ్డు. 4, 6, 8, 10 ఏళ్లకు ఒక్కొక్కటి, రెండు అత్యవసరానికి. పన్నెండు సీసాలు, మంచి సెల్లార్, తొందర లేని మనిషి అయితే ఎడమ ఒడ్డు. దాచే చోటు నమ్మకంగా లేకపోతే అసలు దాచకండి. అమ్మేవాళ్ల సెల్లార్‌లోనే ముదిరిన రియోహా కొని ఆ ఏడాదే తాగండి. నోట్స్ కచ్చితంగా ఉండాలనుకునే లెక్కల మనిషికి తిప్పుడు మూత కాబెర్నే-షిరాజ్.

ఆగే ఓపికే లేదంటే ఒకే వైన్‌వి మూడు వేర్వేరు కోతలు, అయిదేసి ఏళ్ల ఎడంతో, కొని ఒకే పూట పక్కపక్కన పోసుకోండి. వర్టికల్ అంటారు. ఒక్క సాయంత్రంలో పదేళ్లు కనిపిస్తాయి. కాకపోతే తేడాలో వయసు ఎంత, ఆ ఏటి వాతావరణం ఎంత అన్నది విడదీయలేరు.

సీసా సైజు సంగతి. 375 మి.లీ. అర సీసా తొందరగా, 1.5 లీటర్ల మాగ్నమ్ నిదానంగా ముదురుతాయి. లోపలికి చేరే గాలి ఇంచుమించు ఒకటే, వైన్ పరిమాణం వేరు కాబట్టి. ఒకే వైన్ మూడు సైజుల్లో దొరికితే వదలొద్దు, అర సీసా మీకు ముందున్న కాలాన్ని చూపించేస్తుంది. బిరడాలోంచి సూది దించి ఆర్గాన్ వాయువు నింపుతూ కొంచెం కొంచెం తీసుకునే కోరావిన్ పరికరం కొన్ని వారాలకు, నెలలకు బాగా పనికొస్తుంది. ఒకే సీసాను పదేళ్లు అలా కుట్టుకుంటూ పోయి వయసు కొలవాలని మాత్రం చూడొద్దు.

తెరిచినప్పుడల్లా మూడు విషయాలు చాలు: అంచు రంగు, వగరు నోట్లో ఎక్కడ తగులుతోంది, మర్నాడు గ్లాసు ఎలా ఉంది. గ్లాసు ఒకటే ఉండాలి, వైన్ చల్లదనం ఒకటే ఉండాలి, 17 డిగ్రీల దరిదాపుల్లో. పదేళ్లు దాటిన సీసాను తాగే ముందు రోజు నిలబెట్టి మడ్డి దిగనివ్వండి. బాగా ముదిరినదాన్ని డికాంటర్‌లో గంటల తరబడి వదిలేస్తే ఉన్న వాసన కాస్తా ఎగిరిపోతుంది.

ఒక సీసా ముందుదాని కన్నా నీరసంగా ఉంటే వెంటనే తీర్పు చెప్పొద్దు. ఆర్నెల్లలో ఇంకొకటి తెరవండి. అదీ అలాగే ఉంటే మిగిలినవి ఆ ఏడాదే తాగేయండి. నా పెట్టెలో ఇంకా మూడున్నాయి. వాటిలో ఒకదాని మెడలో వైన్ మట్టం మిగతా రెండింటి కన్నా వేలెడు కిందికి దిగింది. వచ్చే చలికాలం వంతు దానిదే.